రంగు యాడికి పోతాది

ఏడు నెలల ఫెలోషిప్పు ఒకేసారి పడింది.
ఫోను టింగుమన్నప్పుడు ఫర్నేసు ముందు ఉన్నాను.
ఎనిమిది వందల డిగ్రీలు చల్లారేదాకా
ఆ అంకెనూ ముట్టుకోలేదు, ఈ మూసనూ ముట్టుకోలేదు.

మొదట మెస్సు బాకీ.
తర్వాత ఓబులేసన్నకు పన్నెండు వందలు.
డిస్టిల్డ్ వాటర్ యూనిట్ కాలిపోయిన నెల
సొంత జేబుతో క్యాన్లు మోసుకొచ్చిన అటెండరు.
యూనివర్సిటీ లెక్కల్లో ఆ నీళ్ళు లేవు.
నా గ్రాఫులో మూడో చుక్క నుంచి తొమ్మిదో చుక్క దాకా
ఉన్నవి ఆ నీళ్ళే.

థీసిస్ పేరు ఇంగ్లీషులో రెండు వరుసలు.
నాయనకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఒక్కటే ముక్క:
"బుడ్డల పొట్టును బొగ్గు చేసి
నువ్వు పారబోసే నీళ్ళను దాంట్లో వడగడతా."
ధర్మవరంలో ముప్పై ఏళ్ళు పట్టుకు రంగేసిన కుళ్ళాయప్ప
నన్ను కాదు, తన చేతుల్ని చూసుకున్నాడు.
సోమవారం నెమలికంఠం, గురువారం కనకాంబరం.
జుమ్మా నాడు వజూ నీళ్ళు కూడా
మోచేతి మీంచి తెల్లగా దిగి
వేళ్ళ దగ్గర గులాబీ అయ్యేవి.
"పొట్టుకు అంత కడుపుంటాదా మే?" అన్నాడు.

ఉంటాది నాయనా.
నూనె మిల్లు వెనక కుప్పపోసి
ఇటుకల బట్టీకి తూకానికమ్మే పొట్టు,
గాలి తగలకుండా కాల్చి ఆవిరి పట్టిస్తే
లోపల గదులు తెరుస్తుంది.
చిటికెడు బొగ్గును కొలిచి మెషీను కాగితమిచ్చింది:
గ్రాముకు ఆరువందల చదరపు మీటర్లు.
అలవాటు కొద్దీ సెంట్లలోకి మార్చి చూశాను.
పదిహేను సెంట్లు.
మా ఇంట్లో ఎవరి పేరు మీదా లేనంత నేల
నా గోటి మీద నల్లగా కూర్చుంది.

గాజు గొట్టంలో పైనుంచి నాయన నీళ్ళు,
కిందికి వట్టి నీళ్ళు.
ఓబులేసన్న బీకరును కిటికీకెత్తి
అవతలి కానుగచెట్టును దాంట్లోంచి చూశాడు.
"ఆకులు లెక్కపెట్టొచ్చు పాపా."
పదకొండో గంటకు అడుగున సన్నగా గులాబీ దిగింది.
బొగ్గుకు ఆకలి తీరింది.

సుంకమ్మ మేడం తొంభై ఆరు శాతాన్ని చూసి నవ్వలేదు.
కళ్ళద్దాలు తీసి అడిగింది:
"నీళ్ళు బాగైనాయి. రంగు యాడికి పోతాది?"

పూడిస్తే వాన తవ్వుతుంది.
కాలిస్తే పొగ.
క్షారంతో కడిగితే మళ్ళీ రంగునీళ్ళే,
పోయిన బస్సులోనే తిరిగి ధర్మవరంలో దిగినట్టు.
రెండో ఏడాది మొత్తం
ఆ ఒక్క ప్రశ్న కింద బాడుగకున్నాను.

స్పిరిట్‌తో కడిగి, స్పిరిట్‌ను వెనక్కి లాగి,
అడుగున మిగిలిన చిక్కటి దాన్ని
దగ్గుమందు సీసాలో పోసుకుని మొన్న ఇంటికి పోయాను.
నాయన బాన వెలిగించి ఒక చిలప ముంచాడు.
తీసి, పిండి, దండెం మీదేసి, చాలాసేపు మాట్లాడలేదు.
అది గులాబీ కాదు, నెమలికంఠమూ కాదు.
ముప్పై చీరలు ఒకదాన్నొకటి మర్చిపోయిన రంగు.
ఒక చోట పట్టింది, ఒక చోట పట్టలేదు.
"షాపోళ్ళు ఒప్పుకోర్లే,"
అన్నాడు గానీ దండెం మీంచి తియ్యలేదు.

నోటుబుక్కులో రాసుకున్నాను:
ఏడో ప్రయత్నం. అతుకు తక్కువ. మళ్ళీ చెయ్యాలి.

ఫెలోషిప్పు పొడిగింపు ఫారం వచ్చింది.
'పరిశోధన వల్ల సమాజానికి ప్రయోజనం,
నూరు పదాలకు మించరాదు.'
తొంభై రెండు రాశాను.
మిగతా ఎనిమిదిట్లో రాయనిది ఇది:
రెండున్నర కిలోల నిండు బొగ్గు,
మూతపెట్టిన డబ్బాలో, నా బల్ల కిందే ఉంది.
లేబుల్ మీద తేదీ, తూకం,
డి. మాబున్ని అని నా పేరు.
కాలు తగిలినప్పుడల్లా
లోపల పదిహేను సెంట్ల చొప్పున
కదులుతుంది.