నీళ్లు తెలిసినాయన

అక్టోబరు పరీక్షలో మా డెల్ఫిన్‌కి
నూటికి నలభై ఒకటి.
కాగితాన్ని మడిచి మడిచి అగ్గిపెట్టెంత చేసి
నా లంచ్ డబ్బాలో పెట్టింది.
గాజు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
రొట్టె కోసం మూత తీస్తే
ముందు అదే చేతికొచ్చింది.

పర్యావరణ శాస్త్రం, అదీ పై మెట్టుది.
కాలేజీ చదువుని హైస్కూల్లోనే పోసేస్తారట.
టీచరు ప్రసూతి సెలవులో ఉంది.
ఆమె కుర్చీలోకొచ్చిన బాస్కెట్‌బాల్ కోచ్
పాఠాన్ని వీడియోకి అప్పజెప్పి
గోళ్లు కొరుక్కుంటాడట.

సరే, ట్యూటర్ని వెతుకుదామని బయల్దేరాను.

లైబ్రరీ బోర్డు నిండా చీటీలు,
దువ్వెన పళ్లలా కత్తిరించిన ఫోను నంబర్లు.
లెక్కలకి ఏడుగురు. స్పానిష్‌కి నలుగురు.
వయొలిన్‌కి కూడా ఒకరున్నారు.
భూమికే ఎవరూ లేరు.

ఒకావిడ గంటకి తొంభై డాలర్లంది.
నాకు గంటకొచ్చేది పంతొమ్మిది.
కొలిమి ముందు నా ఐదు గంటలు
ఆవిడ ఒక్క గంటలో కరిగిపోతాయి.
ఆలోచించి చెప్తానన్నాను.
ఆలోచించడానికేముంది?

తక్కువకి ఒప్పుకున్న కుర్రాడొకడు
రెండు వారాలు రంగు అట్టముక్కలు తిప్పించాడు,
ముందు పదం, వెనక అర్థం.
పిల్ల గడగడా ఒప్పజెప్పేది.
"మరి మన ఏరీ సరస్సు ఆగస్టులో పచ్చగా ఎందుకవుతుంది?"
గిన్నెలు తోముతూ నేనడిగితే
"అది ఎనిమిదో యూనిట్ అండీ,
మార్చిలో వస్తుంది" అన్నాడు.

వెండెల్ కోవాచ్ గురించి చెప్పింది
లాండ్రీలో పక్క మిషను దగ్గరావిడ.
నీళ్ల శుద్ధి ప్లాంటులో ముప్పై మూడేళ్లు చేసి దిగిపోయాడు.
భార్య పోయాక ఆదివారాలు పొడుగైపోయి
ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతుకుతాడు.

"చదువు చెప్పడం నాకు రాదు.
నీళ్లు తెలుసు, అంతే" అన్నాడు ఫోన్లో.

మొదటి రోజు పుస్తకం తెరవలేదు.
గట్టు మీద నిలబెట్టి, సీసా మూత తీసి
"వాసన చూడు" అన్నాడు.
పిల్ల మొహం ముడుచుకుంది.
తడి మట్టి, మాగిన గడ్డి, ఇంకా ఏదో.
"ఆ ఇంకా ఏదో వచ్చిన రాత్రి
నేను ఇంటికెళ్లేవాణ్ణి కాను."

రెండో వారం పాత ట్రక్కులో ఎగువకి తీసుకెళ్లాడు.
మొక్కజొన్న కోసేసిన చేను కింద
మట్టిలోంచి తొంగిచూసే గొట్టం,
బొట్టు బొట్టుగా కారుతోంది.
"చేను తినగా మిగిలిన ఎరువు ఇది.
ఈ ఎంగిలి తిని అక్కడ నాచు బలుస్తుంది.
చచ్చాక దాన్ని కుళ్లబెట్టడానికి
నీళ్లలో ఊపిరంతా ఖర్చయిపోతుంది.
చేపకేం మిగుల్తుంది చెప్పు?"
పిల్ల రైతుని ఏదో అనబోయింది.
"ఆగు, ఈ చేను మా బావమరిదిది.
మధ్యాహ్నం భోజనం అక్కడే."

డెల్ఫిన్ నోట్సులో యూట్రోఫికేషన్ అని రాసుకుంటే
భూతద్దం పెట్టి ఒక్కో అక్షరం చూశాడు.
"ముప్పై మూడేళ్లు లాగ్‌బుక్కులో
ఈ మాట తప్పే రాశాను."

డబ్బు తీసుకోనన్నాడు.
కంట్లో శుక్లాలు, తన డైరీలు తనకే కనబడవు.
బేస్‌మెంటులో రెండు పెట్టెలున్నాయి,
కంప్యూటర్‌లో ఎక్కించమన్నాడు.
చలికాలమంతా పిల్ల టైపు చేసింది:
వేడి, రంగు, వాసన, గాలి ఏ దిక్కునుంచి.
ఒక ఆగస్టు పేజీ దగ్గర మాత్రం ఆగిపోయి
నన్ను నిద్ర లేపి చదివి వినిపించింది:
"కుళాయిలు తిప్పొద్దని ఊరికి చెప్పమన్నాను.
తెల్లారనివ్వమన్నారు.
మార్గిట్‌కి ఫోన్ చేసి, మన ఇంట్లో తిప్పొద్దన్నాను.
అందరికీ చేయలేకపోయాను."

ఆ పేజీ గురించి ఆయన్ని
మేమిద్దరం ఏమీ అడగలేదు.

జులైలో మార్కులొచ్చాయి.
లాండ్రీలో దుప్పటి మడతపెడుతూ అడిగాడు.
"నాలుగు," అంది డెల్ఫిన్.
"ఎన్నింటికి?"
"ఐదింటికి."
"ఆ ఒకటీ ఎక్కడ పోయింది?"
"గాలి కాలుష్యంలో."

దుప్పటి కొస నా చేతికిచ్చాడు, పట్టుకోమని.
"గాలి సంగతి నాకు తెలీదమ్మా,
దానికి ఇంకెవర్నైనా వెతుక్కోండి."