ఏడో పెట్టె

"తేనెటీగలకు చెప్పావా?"
రాత్రి పదకొండింటికి అమ్మ మెసేజ్.
మందుల షాపు నడిపే అమ్మ,
శకునాలన్నా దెయ్యాలన్నా పకపకా నవ్వే అమ్మ.
దానికి పైన ఇంకొకటే ఉంది:
"తాత పోయాడు."

లిఫ్టులు బాగుచేసే సంచీ భుజం మీదే ఉంది.
ల్యూబ్లియానాలో ఆఖరి బస్సు పట్టుకుని
ఎనిమిదంతస్తులెక్కి డాబా మీదికి వెళ్ళాను.
ఏప్రిల్ చలి. డిష్ యాంటెన్నాల నడుమ
తాత పెట్టెలు, ఏడు.

ఇంట్లో చావొస్తే ముందు వాటికి చెప్పాలిట.
చెప్పకపోతే అలిగి లేచిపోతాయి,
లేదా దిగులుతో పోతాయి.
పోతాయి అనే అనాలి.
మా భాషలో గొడ్డుకో చావు, మనిషికో చావు.
తేనెటీగకు మనిషి చావే.
చిన్నప్పుడోసారి "ఈగ చచ్చింది తాతా" అంటే
నెత్తిన ఒక్క మొట్టికాయ.

తాళంచెవితో మూడుసార్లు తట్టాలి.
అంతవరకే గుర్తుంది.
తర్వాత అనాల్సిన మాటలేవో ఉన్నాయి.
అమ్మమ్మ పోయిననాడు తాత అన్నాడు.
తొమ్మిదేళ్ళ నా ధ్యాసంతా
వేళ్ళకంటిన మైనం మీదుంది.

ఫోన్లో వెతికాను. నాలుగు రకాలుగా ఉంది.
ఒకదాంట్లో యజమాని, ఒకదాంట్లో దేవుడు.
తాత గొంతు దేంట్లోనూ లేదు.

మొదటి పెట్టెతో అన్నాను:
తాత పోయాడు. ఇక నేనే.
రెండోదానితో:
తాత పోయాడు. ఇక నేనే. ఉండండి.
నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి
లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడే గొంతు వచ్చేసింది:
కంగారు పడకండి,
నేనిక్కడే ఉన్నాను.

ఏడోది కొత్తది.
తాత ఆస్పత్రిలో పడ్డాక
యెర్నెయ్ దగ్గర నేనే కొన్నాను.
ఇవి ఆయన్ని చూడనేలేదు.
ముఖం తెలీని మనిషి చావు వీటికెందుకు?
దాటి రెండడుగులు వేశాను కూడా.
పంక్తిలో వలపక్షం పనికిరాదు కదా,
వెనక్కొచ్చి తట్టాను.

లోపల చిన్న రొద. ఆగింది.
ఏమని చెప్పను?
"ఓట్మార్ అని ఒకాయన ఉండేవాడు..."
చెవి వెనక పెన్సిలు పెట్టుకుని
ఇల్లంతా పెన్సిలు వెతికేవాడు.
తనకు కుడితే ఉల్లిపాయ రుద్దుకునేవాడు,
నాకు కుడితే తనే ఏడ్చేవాడు.
రాణి ఈగకి ప్రతి ఏడూ
ఓ పాత ప్రియురాలి పేరు పెట్టి
అమ్మమ్మతో తిట్లు తినేవాడు...

పెట్టె మూత మీద ఫోన్ వెలిగింది.
"చెప్పావా?"

"చెప్తున్నా."