ఆశించిన జవాబులు

పలాస హైస్కూల్లో ఆఖరి బెంచీ నాది.
పరిశీలకుణ్ణి. ఒళ్ళో మార్కుల కాగితం.
పక్కన ఢిల్లీశ్వరి, ఆరో తరగతి,
జీడిగింజలు ఒలిచి నల్లబడ్డ వేళ్ళ మీద
బుగ్గ ఆనించి నిద్రపోతోంది.

నీలవేణి పాఠ్యపథకంలో అక్షరాలు ముత్యాలు.
ఉన్ముఖీకరణ ఐదు నిమిషాలు, ప్రదర్శన ఇరవై,
అట్ట కోసి చేసిన రొట్టె, నాలుగు పావులు.
నిద్రకి మాత్రం నిమిషాలు రాయలేదు.

‘తరగతి నిర్వహణ’ దగ్గర పెన్ను ఆపాను.
డస్టర్‌తో బల్ల మీద కొడుతుందనుకున్నా.
గొంతు కాస్త దించి
"సగాన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అంది.

కళ్ళు తెరవకుండానే నా పక్కనుంచి:
"బద్దండి.
రెండు బద్దలెడితే గుండే గానండి,
కొట్లో గుండు రేటియ్యరండి."

సుద్దముక్క
సమానం గుర్తు రెండో గీతకి ముందే ఆగింది.
ఎవరూ నవ్వలేదు,
అందరిళ్ళలోనూ ఆ రేటు తెలుసు.

నీలవేణి నా వైపు చూసింది.
నేను కిటికీ వైపు.
ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను,
గంట కొట్టేలోగా పునశ్చరణ అయిపోవాలని.

"ఎంత తక్కువిస్తారమ్మా?"
బోర్డు మొత్తం తుడిచి అడిగింది.

మార్కులు రాత్రి వేశాను.
వచ్చే బ్యాచ్ నమూనాలో
‘ఆశించిన జవాబులు’ పక్కన
ఇంకో గడి గీశాను,
పేరు పెట్టకుండా.