మనుగడలో లేదు

నలభై దాటిన నాకు
ఆ పేజీల ఇరవై ఎనిమిదే.
ఫొటో మెడ కిందికెల్లి.
అనామిక అని పేరు పెట్టింది రజియా.
"పేరు లేనోళ్ల పేరక్కా, మంచిగుంటది" అన్నది.

ఓ మంగళారం పొద్దుగాల
చాయ పొయ్యి మీద పెట్టి ఫోన్ తెరిస్తే
తెల్లటి తెర.
మధ్యల ఒక్క వరుస ఇంగ్లీషు.
ఇంటర్ చదివే బిడ్డతోని చదివించుకునేటిది కాదు గదా.
చాయ పొంగింది, చూస్కోలె.

యాడ్నో సముద్రాల అవతల చట్టం చేసిన్రట,
ఆడపిల్లలను అమ్మేటోళ్లను పట్టుకునెతందుకు.
మంచిదే.
అడిగితే నేను గూడ చెయ్యెత్తుదు.
అడగలె.
వడ్డేపల్లి చెరువు పక్కన
మా రెండర్రల కిరాయింటి దాకా
అది ఎట్లొచ్చిందో.
కాజీపేటల అన్ని దిక్కుల రైళ్లు ఆగుతయి,
గట్లనే దిగిందేమో.

ఫోన్ ఉన్నప్పుడు నాకో తలుపుండె.
ముందుగాల గొంతు వింటుంటి.
తాగిన గొంతు నాకెర్క,
పక్కన ఇంకిద్దరు నవ్వేటి గొంతు ఎర్క.
"ఇయ్యాళ పానం బాగలేదు సార్" అని పెట్టేస్తుంటి.
పానం మంచిగనే ఉండె.
అందుకే పెట్టేస్తుంటి.

మా గ్రూపుల ఓ చిట్టా ఉండె, యాభై మూడు నంబర్లు.
చివర నలభై రెండు: బెల్టు తీస్తడు.
చివర సున్నా ఏడు: పోలీసునంటడు, కాదు.
చివర తొంభై ఒకటి: నిజంగనే పోలీసు.
చివర పద్దెనిమిది: ఏడుస్తడు. నమ్మొద్దు.
భూపాలపల్లి బొగ్గు లారీ ఆయన: మంచోడు, బిర్యానీ తెస్తడు.
చిట్టా గూడ పోయింది.
ఏ చెత్తల పోసిన్రో
అడిగెతందుకు కౌంటర్ యాడుంది?

ఇగ రోడ్డు.
కాజీపేట బ్రిడ్జి కింద, రాత్రి తొమ్మిదిన్నర.
కారద్దం రెండు వేళ్లంత దిగుతది.
ఎంచుకునే యాళ్ల గంతే.
లోపట ఒక్కడో నలుగురో
ఎక్కినంక తెలుస్తది.
మొన్న మడికొండ దాటినంక తెలిసింది.
ఆ ముచ్చట చెప్పను.

స్టేషన్ల నా పర్సు బోర్లిచ్చి
నిరోధ్ పాకిట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టి
సాక్ష్యం అన్నడు.
అవి ఇచ్చింది సర్కారు దవాఖాననే.
సంతకం పెట్టి తీస్కున్న.

హోంల ఉండుమంటున్నవు మేడమ్.
అగర్‌బత్తీలు చుట్టుడు, నెలకు పద్దెనిమిది వందలు.
బిడ్డ హాస్టలుకు ఎంతనో అడగవైతివి.
సరే. ఒక్కటి రాస్కో.

రెండేండ్ల కింద ఆ పేజీలనే
ఓ పిల్ల ఫొటో చూసింది రజియా.
మొఖానికి మందంగ పౌడరు,
చెవులకు ఇంకా వేపపుల్లలు.
"అక్కా, ఇది బడికి పోయేటి పిల్ల."
పది తొంభై ఎనిమిదికి ఫోన్ కొట్టింది మేమే.
పేరడిగితే అనామిక అన్న.
కరీంనగర్ బస్టాండు వెనక లాడ్జిల దొరికింది పిల్ల.
పేపర్ల సార్ల ఫొటో వచ్చింది, శాలువలతోని.

ఇప్పుడు గసొంటి పిల్ల ఏ సందులున్నదో
ఎవలకు కనవడ్తది?
అమ్మేటోడు దుకాణం మార్చిండు.
బందైంది మాది.

రజియా పోయిన శుక్రారం
రామగుండం దిక్కు లారెక్కింది.
నంబరు కొడ్తే ఆ రికార్డు ఆడామె
మస్తు మర్యాదగ
"మనుగడలో లేదు" అంటది.
మళ్ల కొడ్త.
మళ్ల అంటది, ఒక్కక్షరం తప్పు వోకుంట.

బిడ్డ పాత లెక్కల నోట్‌బుక్కుల
వెనక పేజీకెల్లి
చిట్టా మళ్ల మొదలువెట్టిన.
ఒకటోది: తెల్ల కారు, నలుగురు, మడికొండ.
టీఎస్ సున్నా మూడు.
ఆ తర్వాత బురద.