కాటా గది

ముత్తుకూరు రోడ్డు మీద
పదడుగుల రేకుల పెట్టె, నా గది.
కిటికీ అవతల లారీ వచ్చి నిలబడుతుంది.
లోపల ఎర్ర అంకెలు కాసేపు గంతులేసి
ఆయాసం తీరినట్టు ఆగుతాయి.
ఆగిన అంకెను చీటీ మీదికి దించుతాను.
పదకొండేళ్లుగా ఇదే నా వేట.

నిండు లారీలోంచి ఖాళీ లారీని తీసేస్తే
బొగ్గు.
లెక్క అంతే.
ఏ దేశపు కొండ కడుపులోదో,
కృష్ణపట్నంలో ఓడ దిగి, బెల్టు ఎక్కి, గుట్టగా పడి
నా చీటీ పట్టుకుని సిమెంటు ఫ్యాక్టరీకి పోతుంది.
పోతా పోతా
నా ఇడ్లీల మీద చిటికెడు,
దండెం మీది నా కూతురి స్కూలు చున్నీ మీద చిటికెడు
వదిలిపెట్టి పోతుంది.
ఆ చిటికెడు ఏ చీటీలోనూ పడదు.

మా నాయన ఉప్పు కొటార్లలో చేసినోడు.
అరికాళ్లు పగిలిన గోడకి సున్నం పూసినట్టుండేవి.
మంచాన పడ్డాక, డ్యూటీ దిగి నేను పక్కన కూర్చుంటే
"ఏం మే, రేత్రి పడిందా?" అని
పైపంచెతో నా ముక్కు తుడిచేవాడు.
తుడిచిన చోటు చూసుకుని
ఇంకేం అడక్కుండా
ఆ మరక లోపలికి పోయేలా పంచె మడిచేవాడు.

ఓడ రాని రోజులుంటాయి.
పునుగుల బండి మాలకొండయ్య నూనె కాచడు.
క్లీనర్లు లారీ నీడలో పేక పరుస్తారు.
బీహారు వెల్డర్లు గది బాడుగ మాటెత్తితే
హిందీ కూడా మర్చిపోతారు.
మళ్లీ ఓడ కట్టిందని
అందరికంటే ముందు నా టీ గ్లాసుకి తెలుస్తుంది.
బల్ల మీద సన్నగా వణుకుతుంది.

తూచేటప్పుడు డ్రైవరు దిగాలి, అది రూలు.
జిలానీ దిగడు.
"నన్నూ బొగ్గు కింద కట్టుకో అక్కా,
ఇంట్లో ఆ రేటు కూడా పలకడంలా."
కసురుతాను. దిగుతాడు.
అంకెలో ఎనభై తగ్గుతుంది.
ఆ ఎనభై, రోడ్డు పక్కన నిలబడి
గాలికి అడ్డంగా చెయ్యి పెట్టి
బీడీ ముట్టిస్తుంది.

ఒక రాత్రి లారీలు లేక
నేనే ఎక్కి నిలబడ్డాను.
పరుగున లోపలికొస్తే, అప్పటికే సున్నా.
ఇంకో రాత్రి జిలానీని కిటికీ దగ్గర పెట్టి ఎక్కాను.
"యాభై" అన్నాడు, "ఒకసారి అరవై" అన్నాడు.
దానికి పదులే తెలుసు,
ఒకట్లు తెలీవు.

తెల్లారగట్ల చెంగమ్మ, ఇంకో ముగ్గురు
చీపుర్లతో వచ్చారు, రోడ్డు మీద రాలిన బొగ్గు ఊడవను.
"మేం నలుగురం ఎంతుంటాం మే?"
కొంగులు బిగించి, ఫొటోకి నిలబడ్డట్టు
పళ్లెం మధ్యలో నిలబడ్డారు.
నూట తొంభై.
నవ్వుకున్నారు. "లారీ చక్రమంత కూడా లేమే!"

చీటీ కొట్టాను.
బండి నంబరు దగ్గర గీత పెట్టాను.
సరుకు అన్న గడిలో వేలు చాలాసేపు ఆగింది.
ఖాళీగానే వదిలేశాను.

"ఇంకో గడి ఉందే, ఏందది?" అంది చెంగమ్మ.
ఖాళీ బరువు, అన్నాను.
చీటీ నాలుగు మడతలు పెట్టి
వక్కాకు తిత్తిలో దోపుకుంది.
"అది ఇప్పుడు యాడ తెలుస్తాది?
సాయంత్రం పని దిగినాక వస్తాం,
అప్పుడు తూచు."

వెనక లారీ హారన్ కొట్టింది.
నలుగురూ పక్కకి జరిగారు.