డబ్బా బేరం

నా మూడుచక్రాల బండిలో
వెనకసీటు పొద్దున పూట ఒక డబ్బాది.
నీలంరంగు డబ్బా, నడుముకి సైకిలు ట్యూబు బిగించి ఉంటుంది.
లోపల మంచు, మంచులో గొట్టాలు,
గొట్టాల్లో ఇకీతోస్ ఊరి ముక్కులూ, నెత్తురూ.

పదకొండేళ్ళుగా ఇదే బేరం.
మనుషులైతే దారి చెబుతారు, గొణుగుతారు,
దిగేటప్పుడు చిల్లర లేదంటారు.
డబ్బా ఏమీ అనదు.
గతుకొస్తే మాత్రం
లోపల ఎవరో పళ్ళు కొరికిన చప్పుడు.

డాక్టరమ్మ పేరు నెరీదా తపుయిమా.
డాక్టరే గానీ మందివ్వదు.
బెలేన్ వాడలో ఆ సంగతి తలకెక్కడానికి
నాలుగు వరదలు పట్టింది.
"మందివ్వనిదానివి, నా రక్తం నీకెందుకే?" అని
దోన్యా అస్తేరియా చెయ్యి వెనక్కి లాక్కుంటే
"జ్వరం మీ ఇంట్లోకి ఏ గుమ్మంలోంచి వచ్చిందో
చూసి చెబుతానమ్మా" అంది.
"గుమ్మమా? నాకున్నదే ఒకటి,
అదీ నది ఎత్తుకుపోయింది."

రెండు గుమ్మాలట.
ఒకటి ఊపిరి.
బడిలో పక్కపిల్ల తుమ్ముతుంది,
పడవలో ఎవడో దగ్గి, మొహం అటు తిప్పుకుంటాడు.
రెండోది సూది.
ఇతాయా నది మీదే కాపురాలు, అయినా నీళ్ళు కొనుక్కుంటాం,
కొన్న నీళ్ళు డ్రమ్ముల్లో దాచుకుంటాం.
దాచిన నీళ్ళల్లో తలకిందులుగా వేలాడుతూ
రేపటి దోమలు.

యంత్రం ఒకటి వీపుకి కట్టుకుని
మంచాల కిందా, విప్పేసిన బట్టల వెనకా
గాలితో సహా పీల్చేస్తుంది నెరీదా.
నిద్రపోతున్న తాతని లేపకుండా
ఆయన దోమల్ని మాత్రం పట్టుకుపోయింది ఒకసారి.
గోడమూల దాక్కున్నదానికి సన్నగొట్టం పెట్టి
నోటితోనే లాగుతుంది.
మధ్యలో చిన్న జల్లెడగుడ్డ ఉంటుందిలే, మింగదు.

భూతద్దంలో నాకూ చూపించింది.
గుబురుమీసాలవాడు మగాడు, పూలరసం తాగి పడుంటాడు.
కుట్టేది ఆడది, కడుపులో గుడ్ల కోసం.
దాని వీపు మీద తెల్లటి గీతలు.
అది లైరు అనే వాయిద్యం బొమ్మ అందామె.
నాకైతే మా బావమరిది గిటారులాగే ఉంది,
అదీ తెల్లవార్లూ నిద్రపోనివ్వదు.

ఫిబ్రవరిలో మా మిలుస్కాకి జ్వరం.
కళ్ళ వెనక నొప్పి, ముక్కు కారడం, రెండూ.
నర్సు వచ్చి ముక్కులో పుల్ల తిప్పి, చేతిలో సూది గుచ్చి
నా కూతురి మీద ఒక అంకె అతికించింది.
ఆ పూట డబ్బాలో ఇరవైమూడు గొట్టాలు.
అన్నీ ఒకే ఎరుపు.
ఎప్పుడూ గాలిలా తోలే నేను
ప్రతి గతుకు దగ్గరా కాలు కింద పెట్టి
బండిని నడిపించుకుంటూ వెళ్ళాను.
వెనక మోటార్లన్నీ నా తల్లిని తిట్టాయి.

"ఏది మా పిల్లది?" అన్నాను.
"ఇక్కడ నాకు పేర్లు రావు, సెగుందో,
అంకెలే వస్తాయి" అంది.
కోపమొచ్చింది. ఆమె కళ్ళ కింద నలుపు చూశాక
ఎక్కడికో పోయింది.

ఆ రాత్రే కరెంటు పోయింది.
ఊళ్ళో పెట్రోలు లేదు, రేవు మునిగింది.
జనరేటరు రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.
లోపల పెట్టెల్లో పదకొండేళ్ళ జ్వరాలు
కరగడానికి సిద్ధంగా ఉన్నాయి.
నా బండి ట్యాంకులో గొట్టం పెట్టి
నోటితో పీల్చాను.
నా గొట్టానికి జల్లెడగుడ్డ లేదు.
నోటినిండా మంట, ఉమ్మి, మళ్ళీ పీల్పు.
టార్చి పట్టుకుని నెరీదా నవ్వింది,
"దోమల పనికి పనికొస్తావయ్యా" అని.
ఇరవైమూడిట్లో ఒకటి చల్లగా ఉండాలని
ఇరవైమూడూ చల్లగా ఉండాలనుకున్నాను.
వేరే దారి లేదుగా.

కాగితం వచ్చేసరికి మిలుస్కా
వంతెన మీంచి నదిలోకి దూకుతోంది.
రెండు గుమ్మాల్లోంచీ వచ్చాయట, ఒకే వారంలో.
మా ఆవిడ రెండుసార్లు చదివి
దాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది.
డ్రమ్ము మీద పాత తలుపు పడేసింది.
తలుపుకి ఒక మూల విరిగింది, అక్కడ గుడ్డ కుక్కాలి.
ఇంకా కుక్కలేదు.

ఇవాళ పొద్దున దోన్యా అస్తేరియా
మెట్ల మీంచి కేకేసింది:
"మాత్ర తెచ్చావా?"
"లేదమ్మా, డబ్బా తెచ్చాను."
తిట్టుకుంటూనే
చొక్కాచెయ్యి పైకి మడుచుకుంది.