అస్తరులో తెల్లకొంగ

మూడో జాము గంట కొట్టాక
కాలువ మెట్లకు పడవ తగిలిన చప్పుడు.
ఆ వేళప్పుడు సూజౌలో కుట్టుపనికి ఎవరొస్తారు,
చావు కబురు మోసుకొచ్చేవాళ్లు తప్ప?

వచ్చింది తాన్ గారి ఇల్లాలు.
మూటలో రెండు పై అంగీలు, ఆయనదొకటి, ఆమెదొకటి.
నేరేడుపండు నలుపు పట్టు, ఎదమీద చదరపు కుట్టు,
చదరంలో అలలు, అలల మధ్య బండ,
బండమీద ఒంటికాలి తెల్లకొంగ,
మూలన ఎర్రటి సూర్యుడు.
ఆరో తరగతి అధికారి వస్తున్నాడని
వీధికంతా నోరు తెరవకుండా చెప్పే పక్షి.

ఆయన కొంగ ఇటు చూస్తుంది, ఆమె కొంగ అటు.
పండగనాడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే
రెండు పక్షులూ ఎదురెదురు.
కుట్టింది నేనే, నాకు తెలీదూ?

"తెల్లారేసరికి ఆయన పక్షిని విప్పి అప్పగించాలట."
టోపీమీది తెల్లపూస నిన్ననే ఊడబెరికారట.
వరదగట్టు తెగింది.
గట్టుకు పోయాల్సిన డబ్బు
ఎవరి మేడకు పెంకులైందో ఊరందరికీ తెలుసు.
కాగితంమీద ముద్ర మాత్రం తాన్ గారిది.

వత్తి ఎగదోసి చిన్న కత్తెర తీశాను.
మా అత్తగారు చెప్పేది:
పక్షిని విడిగా కుట్టి పైన అతికించవే, బిగించకు,
మనుషులు పైకి పోతుంటారు, మనకి మళ్లీ పని.
దింపడం గురించి ఆవిడేమీ నేర్పలేదు.

కొంగ లేచొచ్చింది.
దాని కింద ఎండ చూడని పట్టు
కొంగ ఆకారంలోనే నిగనిగలాడింది.
చుట్టూ పాత సూదిపోట్లు.
ఇవి జంటబాతువి. ఇవి, ఇంకా సన్నగా, కౌజుపిట్టవి.
కౌజుపిట్ట కుట్టిన ఏడు నాకు గుర్తే.
ఈవిడే కొప్పులోంచి వెండి సూది తీసిచ్చి
మిగతాది పట్టుగూళ్లు అమ్మాక ఇస్తానంది.
ఇచ్చింది కూడా.

"ఎక్కడికి పంపుతున్నారు?"
"ఈలీకి."
ఆ పేరు ఉన్ని వర్తకుల నోట విన్నాను,
ఉమ్మితే నేల తాకేలోపే గడ్డకడుతుందని.
"దీనికి దూది పెట్టు. మందంగా."
పెట్టాను.

అప్పుడు తన అంగీ నా ముందుకు తోసింది.
"దీన్నీ విప్పు."
ఆడవాళ్ల పక్షిని ఎవరూ లెక్కెట్టరమ్మా, అన్నాను.
"అందుకే," అంది.

అర్థం కావడానికి
సూదిలోకి దారం ఎక్కించేంత సేపు పట్టింది.
నా చూపుకి అది తక్కువ సేపేం కాదు.
అంతసేపూ చట్టం గురించి ఆలోచించాను,
నా వేళ్ల గురించి,
చాపమీద ముడుచుకుని పడుకున్న మనవరాలు చ్యావ్‌అర్ గురించి.
తరవాత పోగును పదహారు పాయలు చేశాను.

దూదికీ అస్తరుకీ నడుమ, ఎడమ పక్కన,
ఆమె కొంగను పరిచాను.
మొహం ఎటు?
"ఎప్పుడూ చూసే వైపే."
లోపల్నుంచి కుడుతుంటే కుడి ఎడమలు తారుమారు.
రెండుసార్లు తప్పు కుట్టాను, రెండుసార్లు విప్పాను.
ఆమె తొందరపెట్టలేదు.
మూడోసారి అస్తరు మూసేముందు
చిటికెనవేలితో కొంగ మెడ నిమిరింది,
జ్వరం చూసినట్టు.

తెల్లారి గుమాస్తా వచ్చాడు.
"కొంగ. ఒకటి," అని రాసుకున్నాడు.
రెక్క కొసన పోగు లేచిందని గొణిగాడు.

తన అంగీ ఇక్కడే వదిలిపోయింది.
చ్యావ్‌అర్ లేచి, కళ్లు నలుపుకుంటూ
ఆ చదరంలోకి తొంగి చూసింది:
బండ ఉంది, అలలున్నాయి, సూర్యుడున్నాడు.
"అవ్వా, పక్షేదీ?"
చేపలకి పోయిందే, అన్నాను.

నమ్మింది.
మొహం కడుక్కుని, గంజి తాగి, తిరిగొచ్చి అంది:
"మనం చేపల్ని కుట్టనే లేదు కదా."